మూడు కొటేషన్ల కంచె

మా నాన్నకి ఊరంతా కలిసి పెట్టిన పేరు కొటేషన్ గారు. వెనకాల పిలుస్తారు. పొరపాటున ఎదురుగా పిలిచినా ఆయనకి కోపం రాదు, పైగా లోలోపల మురిసిపోతాడు. పైపుల ఫ్యాక్టరీలో, సామాన్లు కొనే సెక్షన్లో, ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్నాడు. బోల్టు కొన్నా బల్ల కొన్నా అక్కడ ఒకటే పద్ధతి. ముగ్గురి దగ్గర నుంచి అంటించిన కవర్లలో రేట్లు తెప్పించాలి. మూడూ ఒకే రోజు విప్పాలి. పక్కపక్కన పెట్టి పట్టిక గియ్యాలి. అందరికంటే తక్కువ రాసినవాడికి పని ఇవ్వాలి. ఆ తక్కువవాణ్ణి వాళ్లు ఎల్-వన్ అంటారు. ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలేసి రావాల్సిన ఈ పద్ధతిని నాన్న టిఫిను డబ్బాతో పాటు ఇంటికి తెచ్చుకున్నాడు.

మా ఇంట్లో తిరిగే ప్రతి ఫ్యానూ ఎల్-వనే. గోడల మీది రంగు ఎల్-వన్. నాకు పదేళ్లప్పుడు సైకిలు కొనడానికి మూడు కొట్లవాళ్ల చేత కవర్లు రాయించాడు. ఆ ముగ్గురూ తలలు పట్టుకుని ఉంటారు. చివరికి ఐదువేల నాలుగొందల సైకిలు నాలుగువేల రెండొందలకి వచ్చింది. ఈ కథ నేను కనీసం వందసార్లు విన్నాను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ముందు మంచినీళ్లు, తరవాత ఈ కథ.

బేరం గెలిచిన రోజు నాన్న ఇంట్లోకి రాడు. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఎంతకి తెచ్చానో చెప్పుకో చూద్దాం!" అంటాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎప్పుడూ పెద్ద అంకే చెబుతుంది. నాన్న అసలు రేటు బయటపెడతాడు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అంతకే ఇచ్చాడా! మీరేం మంత్రం వేశారండీ?" అంటుంది. ఇక రెండు రోజులు ఆయన కాళ్లు నేల మీద ఆనవు.

అమ్మ సంగతి కూడా చెప్పాలి. పెళ్లికి ముందు దారం మిల్లులో ప్యాకింగులో పనిచేసింది. మనిషి పొట్టి, మాట కూడా పొట్టే. మా ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో నల్ల సంచుల్లో మొక్కలు పెంచి అమ్ముతుంది. నాన్న దాన్ని "మీ అమ్మ చిల్లర" అనేవాడు. ఆ చిల్లర ఎంతో ఆయన ఎప్పుడూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మొక్కల పేర్లూ అంతే. ఆయనకి మొక్కలు రెండు రకాలు: కాలికి అడ్డమొచ్చేవి, రానివి.

మా వెదురు తడికల కంచె పోయిన గాలివానకి పడిపోయింది. మర్నాడే వెనక వీధి మేకలు వచ్చి నలభై మూడు మొక్కలు నమిలేశాయి. అమ్మ ఖాళీ సంచులు లెక్కపెట్టి లోపలికొచ్చింది.

"కొత్త ఆసుపత్రి వాళ్లు మూడొందల మొక్కలు అడిగారండీ. నెలాఖరుకి ఇవ్వాలి. ఇంత పెద్ద ఆర్డరు నాకెప్పుడూ రాలేదు. కంచె లేకపోతే ఒక్కటీ మిగలదు."

"దానికేం? బడ్జెట్ వేద్దాం," అన్నాడు నాన్న. కంచె అనగానే ఆయన మొహం వెలిగింది. ఆదివారం పొద్దున్న టేపు ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని కొలిచాడు. ముందువైపు నలభై అడుగులు, పక్కలు అరవై, అరవై. వెనకాల పొరుగువాళ్ల గోడ ఉంది, అది ఉచితం. పైపులకింత, జాలీకింత, సిమెంటుకింత, గేటుకింత, రంగుకింత, కూలికింత అని గీతలు కొట్టి రాసి, చివర "తెలియనివి" అని ఇంకో గీత కొట్టి, కింద రెండు గీతల మధ్య నలభై ఐదువేలు అని వేశాడు. "ఇది దాటేది లేదు," అన్నాడు. దాటేది లేదంటే లేదనే. ఆ విషయంలో ఆయన పైపుల కంటే గట్టి.

రెండు కవర్లకి మనుషులు ఆయనకే తెలుసు. ఒకటి బజార్లో పెద్ద ఇనప సామాన్ల షాపు, రెండోది ఫ్యాక్టరీ పనులు చేసే కాంట్రాక్టరు. మూడోది అమ్మ చెప్పింది. "మా మిల్లులో మేస్త్రీ ఒకతను ఉండేవాడు. ఇప్పుడు రైలు గేటు దగ్గర వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. అతన్నీ అడగండి."

మూడో కవరు ఎలాగూ కావాలి కదా అని నాన్న సరే అన్నాడు. ఆ సరే అన్నందుకు తరవాత ఎంత ఉడుక్కున్నాడో నాకు తెలుసు.

మేస్త్రీ ఒక సాయంత్రం కొలతలకి వచ్చాడు. ఎత్తు మనిషి, తెల్ల మీసం, చొక్కా నిండా నిప్పురవ్వలు పడ్డ చిల్లులు. వీధిలోంచే ఒక కేక వేశాడు.

"చిట్టీ! నువ్వింకా అంతే ఉన్నావేమిటి? ఒక్క అంగుళం పెరగలేదే!"

అమ్మ పకపకా నవ్వింది. నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ నవ్వు అంతకుముందు వినలేదు. నాన్న అరుగు మీద పేపరు చదువుతున్నాడు. పేపరు కిందికి దిగలేదు గానీ పేజీ కూడా తిరగలేదు. పెళ్లయిన ఇరవయ్యారేళ్లుగా ఆయన అమ్మని పిలిచే పిలుపు ఒక్కటే: ఇదిగో. "ఇదిగో, టవలు." "ఇదిగో, గొడుగు." అదే ఆవిడ పేరు అనుకునేదాన్ని చిన్నప్పుడు.

మేస్త్రీ టేపు పట్టుకున్నది ఐదు నిమిషాలు. మొక్కల మధ్య తిరిగింది అరగంట. ఇది నేను చెప్పే లెక్క కాదు, నాన్న చెప్పిందే. ఆయన గడియారం చూశాడు.

తరవాతి ఆదివారం కవర్లు విప్పాం. పెద్ద షాపు అరవై రెండువేలు. కాంట్రాక్టరు యాభై నాలుగు. మేస్త్రీ నలభై ఒకటి.

ఇంకెప్పుడైనా అయితే నాన్న గంతులు వేసేవాడు. తను గీసిన బడ్జెట్‌కి నాలుగువేలు తక్కువ. కానీ ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. ఒక గీత దగ్గర వేలు ఆగిపోయింది. "కూలి" అని రాసి, ఎదురుగా "లేదు" అని రాసి ఉంది.

"కూలి లేదటమ్మాయ్," అన్నాడు.

"మంచిదేగా నాన్నా."

"మా సెక్షన్లో ఎవడైనా మరీ తక్కువ రాస్తే రెండే కారణాలు. పని తెలియకపోవాలి, లేకపోతే వాడికి వేరే ఉద్దేశమేదో ఉండాలి." గొంతు తగ్గించాడు. "వీడికి పని బాగానే తెలుసు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో కంచె మాట పోయి మేస్త్రీ మాట వచ్చింది. అమ్మ మార్కెట్‌కి వెళ్లిన సమయం చూసి నాన్న బీరువాలోంచి దారం మిల్లు గ్రూపు ఫొటో బయటికి తీశాడు. అమ్మ ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. వెనక నిలబడ్డవాళ్లలో మేస్త్రీ, అప్పుడు మీసం నల్లగా ఉంది.

"చెయ్యి ఎక్కడ పెట్టాడో చూడు," అన్నాడు.

"కుర్చీ మీద నాన్నా."

"కుర్చీలో ఎవరున్నారు?"

నాకు నవ్వాగలేదు. ఆయనకి నవ్వు రాలేదు. భూతద్దం ఎక్కడుందని అడిగాడు. మా నాన్నకి జీవితంలో ఎవరి మీదా అసూయ పడాల్సిన అవసరం రాలేదు. పక్కింటివాళ్లు కారు కొంటే, "పదివేలు ఎక్కువ పెట్టారు" అని జాలిపడేవాడు. అందుకే ఇది ఎలా దాచుకోవాలో ఆయనకి తెలియలేదు. పిల్లలకి దద్దుర్లు వచ్చినట్టు మొహం మీదే కనిపించేది.

మర్నాడు మేస్త్రీ కొటేషన్ చెల్లదన్నాడు. తేదీ వెయ్యలేదట. అందరికీ మళ్లీ కవర్లు అన్నాడు. వారం తరవాత రెండోసారి విప్పితే పెద్ద షాపు ఒక వెయ్యి తగ్గింది, కాంట్రాక్టరు ఒక వెయ్యి తగ్గాడు. మేస్త్రీ మళ్లీ నలభై ఒకటే రాశాడు, ఈసారి తేదీతో.

"ఒక్క పైసా మార్చలేదు చూశావా! ఎంత ధీమా!" అన్నాడు నాన్న. పెంచితే ఏమనేవాడో, తగ్గిస్తే ఏమనేవాడో నేను ఊహించగలను.

ఈలోగా మేకలు ఊరుకున్నాయా? ఇంకో పద్దెనిమిది మొక్కలు పోయాయి. నేను ఉద్యోగం చేసే ల్యాబు నుంచి వచ్చేసరికి అమ్మ స్టూలు మీద కర్ర పట్టుకుని కూర్చుని ఉండేది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి, పొద్దస్తమానం లేచి పరుగెత్తేది. నెలాఖరుకి పన్నెండు రోజులే ఉన్నాయి. నాకు నాన్న మీద మండుకొచ్చింది.

"నీ కుళ్లు మూలంగా అమ్మ ఆర్డరు పోతుంది," అన్నాను, అమ్మ వినేలాగే.

నాన్న ఎర్రబడ్డాడు. "ఎవరి ఆర్డరూ పోదు. కాంట్రాక్టరుకి ఇచ్చేస్తున్నాను. యాభై మూడు."

నా చెవులు నేనే నమ్మలేదు. ఐదొందల కోసం మూడు బజార్లు తిరిగిన మనిషి, తన చేత్తో గీసిన రెండు గీతలు దాటి, ఎల్-వన్‌ని వదిలేసి, పన్నెండువేలు ఎక్కువ పెడతానంటున్నాడు. అంతకంటే వింత అమ్మ మొహం. తెల్లగా పాలిపోయింది.

"వద్దండీ. మేస్త్రీకే ఇవ్వండి," అంది.

"మేస్త్రీకే? ఎందుకు మేస్త్రీకే?"

అమ్మ కర్ర తీసుకుని బయటికి వెళ్లిపోయింది. నాన్న నావైపు తిరిగి, "స్కూటరు తియ్యమ్మాయ్," అన్నాడు.

వెల్డింగు షాపు రైలు గేటుకి ఆనుకుని ఉంది. ముందు భాగంలో కిటికీ చట్రాలు, సగం అయిన మెట్ల కమ్మీలు గోడకి వాల్చి ఉన్నాయి. మేస్త్రీ మొహానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం దించి, "రండి సార్," అని స్టూలు తుడిచాడు. నాన్న కూర్చోలేదు. దారిపొడుగునా ఏం నూరుకున్నాడో అదంతా ఒకేసారి కక్కేశాడు.

"నా ఇంటికి కంచె వేయించుకునే స్తోమత నాకుంది. నా భార్యకి నీ దానం అక్కర్లేదు."

మేస్త్రీ నల్లద్దం పక్కన పెట్టాడు. "దానమేమిటి సార్?"

"కూలి లేదని రాశావుగా! ఎందుకు లేదు? ఏ సంబంధంతో లేదు?"

నేను నేలలోకి కుంగిపోయాను. మేస్త్రీకి మాత్రం మెల్లగా అర్థమైంది. మీసం చాటున నవ్వు వచ్చింది, దాన్ని మింగేశాడు. తరవాత కోపం వచ్చింది, దాన్ని మింగలేదు.

"నేను కూలి తీసుకోకుండా చేస్తే మా ఇంట్లోవాళ్లు ఇనుము తినాలా సార్? ఊరికే చెయ్యడానికి మీరు నాకేమవుతారు?" లోపలికి వెళ్లి నూనె మరకల నోటుపుస్తకం తెచ్చి, ఒక పేజీ తెరిచి నాన్న ముందు పెట్టాడు. "మీ కంచెకి నా రేటు యాభై ఏడు. నలభై ఒకటి మీరు, పదహారు ఆవిడ. ఆవిడ పదహారూ అడ్వాన్సుగా ఎప్పుడో ఇచ్చేసింది, పైపులు కూడా కొన్నాను. మీరు నలభై ఐదు దాటరని, ఎల్-వన్ కాకపోతే ఒప్పుకోరని ఆవిడే చెప్పింది. మీకు చెప్పొద్దంది. దానం అన్న మాట మీరు అనకపోతే చచ్చినా చెప్పేవాణ్ణి కాదు."

నాన్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇలా రాయడం నాకు నచ్చలేదు సార్," మేస్త్రీ గొంతు కొంచెం తగ్గింది. "ఆ మాటే ఆవిడతో అంటే, 'మా ఇంట్లో ఇది మామూలే మేస్త్రీ' అంది."

ఇంకొకరైతే అక్కడితో లేచి వచ్చేసేవారు. మా నాన్న కడుపుమంట అంత తేలిగ్గా చల్లారే రకం కాదు. "కాంట్రాక్టరు యాభై మూడుకే వేస్తానన్నాడు. అతనితో కూడా ఇలాగే మాట్లాడుకోవచ్చుగా. నీ దగ్గరికే ఎందుకొచ్చింది?"

"అది ఆవిడ్నే అడగండి. నాకు తెలిసింది ఇది. వాళ్ల జాలీ కన్నాల్లో మేక తల దూరుతుంది. నేను కింద మూడడుగులు సన్న జాలీ వేస్తున్నా, పైన కమ్మీలే. ఆ మూల అంటు గులాబీలకి గాలి ఆడాలట. గేటు నాలుగడుగులు కాదు, ఐదడుగులు. తోపుడు బండి పట్టాలిగా."

"ఏ తోపుడు బండి?"

"ఆసుపత్రి డబ్బు వస్తే కొనుక్కుంటానంది. మీకు చెప్పలేదా?"

ఆ "మీకు చెప్పలేదా" అన్న మాటతో పోలిస్తే పదహారువేలు నాన్నకి లెక్కలోవి కాదు. ఆయన పక్కనే ఉన్నాను, నాకు తెలుసు.

తిరిగొస్తుంటే నాన్న బజారు మలుపులో నా భుజం తట్టి, "ఫ్యాన్ల కొట్టు దగ్గర ఆపు," అన్నాడు.

ఫ్యాన్ల కొట్టాయన నాన్నని చూడగానే లేచి నిలబడ్డాడు, అలవాటు కొద్దీ కాలిక్యులేటరు కూడా దాచేశాడు. నాన్న సూటిగా అడిగాడు: "మా ఇంటి ఫ్యానుకి మా ఆవిడ పైన ఎంత ఇచ్చింది?"

కొట్టాయన తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. తరవాత అడగకూడని ప్రశ్న ఒకటి అడిగేశాడు.

"హాల్లో ఫ్యానా అండీ, పడగ్గదిలో ఫ్యానా?"

సైకిలు కొట్టు దగ్గర నాన్న దిగలేదు. నేనే దిగాను. ఆ సైకిలు నాది కాబట్టి నాకే ఎక్కువ తెలుసుకోవాలనిపించింది. ముసలాయన గుర్తుపట్టి నవ్వాడు. పన్నెండొందలు మా అమ్మ మూడు విడతల్లో కట్టిందట. ఆలస్యమైనందుకు వడ్డీగా ఒక మందారం మొక్క ఇచ్చిందట. అది ఇప్పుడు ఆయన కొట్టు రేకులకంటే ఎత్తు పెరిగింది. నేను ఆ మందారాన్ని ఎన్నోసార్లు చూశాను. ఆ కొట్టు ముందే పంక్చరు వేయించుకుంటూ నిలబడేదాన్ని. ఆవిడ నాకూ చెప్పలేదు. ఆ ముసలాయనకి తెలిసిన మా అమ్మ నాకు తెలియలేదని నాకూ కుళ్లు పుట్టింది, దాచుకోవడమెందుకు?

"రంగులవాడి దగ్గర ఆపనా?" అన్నాను.

"వద్దు," అన్నాడు నాన్న. కొంత దూరం పోయాక వెనకనుంచి గొంతు వినిపించింది. "మేస్త్రీ ఒక్కడే అనుకున్నానమ్మాయ్. ఊరంతా ఉన్నారు. ఫ్యాన్లవాడితో ఆవిడకో మాట ఉంది, సైకిళ్లవాడితో ఒక మాట ఉంది. వాళ్లందరూ నన్ను చూసి తలూపి, తగ్గించినట్టు తగ్గించి, నేనటు వెళ్లగానే..." అంతవరకే అన్నాడు. తరవాత మళ్లీ, "వాళ్లందరితో ఉంది మాట. నాతోనే లేదు."

ఇరవయ్యారేళ్లుగా ఆయన చెప్పుకుని తిరిగిన కథలన్నీ ఒక గంటలో పోయాయి. ఇక చుట్టాలు వస్తే మంచినీళ్లు ఇచ్చాక ఏం చెబుతాడు?

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మం పక్కనే కూర్చుని సంచుల్లోకి మట్టి ఎత్తుతోంది. నాన్న బూట్లు విప్పలేదు. గుమ్మంలో నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అమ్మ తలెత్తి చూసింది. ఆ నిలబడే తీరు చూసి బేరం తెగిందనే అనుకుంది పాపం. కళ్లల్లో బెరుకు పోయింది.

"ఎంతకి ఖాయం చేశానో చెప్పుకో చూద్దాం," అన్నాడు నాన్న.

అమ్మ అలవాటు తప్పలేదు. "యాభై?"

"యాభై ఏడు."

మట్టిలో ఉన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒకసారి నావైపు చూసింది, నేను తలూపాను.

"ఇదీ, ఆ ఫ్యాన్లూ, సైకిలూ... నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు నాన్న. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"చెప్తే మీరు కొనేవారా? ఆ ఫ్యాను ఇవాళ్టికీ వచ్చేది కాదు. ఉక్కపోతకి చచ్చేవాళ్లం."

"అంటే నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"లేదండీ." అమ్మ చెయ్యి దులుపుకుంది. "బేరం గెలిచొచ్చి మీరు ఆ గుమ్మంలో నిలబడతారు చూశారూ. ఆ కాసేపే మీరు నా మొహంలోకి చూసి నవ్వేది. ఇంకెప్పుడు నవ్వుతారు? చెప్పండి. మూడొందలకి, ఐదొందలకి అది దొరికితే నాకేం ఎక్కువనిపించలేదు."

నాన్న వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. అవి విప్పడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"మొత్తం నేనే ఇస్తాను," అన్నాడు బూట్ల వైపు చూస్తూ. "పదహారు వెనక్కి తీసుకో."

"అక్కర్లేదు. మొక్కలు నావి. కంచెలో నా వాటా ఉండనివ్వండి."

"అయితే తోపుడు బండి నేను కొంటాను."

ఆ సంగతి ఈయనకెలా తెలిసిందా అని అమ్మకి ఆశ్చర్యం వేసింది. అడగలేదు. "మూడు కవర్లు తెప్పించా?" అంది.

ఆ క్షణాన నాన్న పడ్డ అవస్థ పగవాడిక్కూడా వద్దు. "కవర్లు లేకుండానే," అన్నాడు చివరికి.

అంతా బాగానే ఉంది, కానీ అసలు మంట ఆరలేదు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాక అడగనే అడిగాడు. "అదంతా సరే. వాడు నిన్ను చిట్టీ అని ఎందుకు పిలుస్తాడు?"

"మిల్లులో నాకంటే పొట్టివాళ్లు లేరు. అందరూ అలాగే పిలిచేవారు."

"అందరూనా!" అన్నాడు నాన్న. ఒక్కడి మీద ఉన్న కుళ్లు కాస్తా మిల్లంతా పాకింది.

మేస్త్రీ పని నాలుగు రోజులు పట్టింది. నాన్న ఆ నాలుగు రోజులకీ సెలవు పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లలో జ్వరానికి కూడా పెట్టని మనిషి. మొక్కల మధ్య కుర్చీ వేసుకుని, పని చూసుకోవడానికి అని చెప్పి, మనుషుల్ని చూస్తూ కూర్చున్నాడు. మేస్త్రీ పట్టించుకోలేదు. గుంటలు తీశాడు, స్తంభాలు పాతాడు, సన్న జాలీ గులాబీల మూలదాకా లాగాడు. పని మాత్రం ఎవరూ వంక పెట్టలేనిది. నాన్న పెట్టబోయి రెండుసార్లు భంగపడ్డాడు.

అమ్మ ఇంట్లో పని మధ్యలో వచ్చి చూసిపోయేది. మేస్త్రీ కావలసినప్పుడల్లా "చిట్టీ, నీళ్లు!" "చిట్టీ, ఈ కుండీ జరుపు!" అని కేకేసేవాడు. ప్రతి కేకకీ నాన్న కుర్చీ కిర్రుమనేది.

మూడో రోజు సాయంత్రం నేను ల్యాబు నుంచి వచ్చి అరుగు మీద చెప్పులు విప్పుతున్నాను. మేస్త్రీ గేటుకి కమ్మీలు అతికిస్తున్నాడు. నాన్న కుర్చీలో ముందుకి జరిగాడు, వెనక్కి జరిగాడు. చుట్టూ చూశాడు. తరవాత ఇంటివైపు తిరిగి, గొంతు ఎక్కడో అడుగున పెట్టి పిలిచాడు.

"చిట్టీ."

లోపల్నుంచి వెంటనే జవాబొచ్చింది. "వస్తున్నా మేస్త్రీ! టీయేనా?"

మేస్త్రీ వెల్డింగు ఆపాడు. నల్లద్దం పైకెత్తి నాన్న వైపు చూశాడు. నాన్న కంచె వైపు చూశాడు. కంచె ఎవరివైపూ చూడలేదు. అమ్మ ఒక గ్లాసు టీతో వచ్చి మేస్త్రీ ముందు నిలబడింది.

"నేను పిలవలేదు చిట్టీ," అన్నాడు మేస్త్రీ.

అమ్మ నావైపు చూసింది. నేను కూడా కాదని తల అడ్డంగా ఊపాను. మిగిలింది ఒక్క మనిషే. అమ్మ ఆయన వైపు తిరిగింది. నాన్న చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

"ఏం కావాలండీ?" అంది అమ్మ, చాలా మెల్లగా.

ఏం కావాలో ఆయన ఆలోచించుకోలేదు. పిలవడం వరకే ఆలోచించుకున్నాడు. దిక్కులు చూసి, గులాబీల మూల దొరకబుచ్చుకున్నాడు. "ఆ గులాబీల పక్కన ఉన్నవి... అవేం మొక్కలు?"

అమ్మ గ్లాసు ఆయన చేతిలో పెట్టేసి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ పేరు, ఎప్పుడు నాటింది, ఏది ఎండకి తట్టుకుంటుందో, ఏది ఆసుపత్రికి వెళ్తుందో. అంతసేపు అమ్మ మాట్లాడటం నేను ఎరగను. నాన్న వింటున్నాడు, మధ్యమధ్య తలూపుతున్నాడు. ఆ టీ మేస్త్రీ కోసం తెచ్చిందని ఆయనకి తెలుసు. చివరి చుక్కదాకా తాగాడు.